కొబ్బరినీళ్లు తాగిన మొండి ల్యాప్‌టాప్

కాశీబుగ్గ బజారులో నా రిపేరు కొట్టు తలుపులు వేసేసి కొన్నేళ్లయింది. అయినా ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "మావా, ముందు ఏటి కొనుక్కోమంటావు? ఏ మిషను మంచిది?" మిషను సంగతి తర్వాత, ముందు కూర్చుని మంచినీళ్లు తాగండి అంటాను. మర్యాద కోసం రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకు మండుతుందో చెప్పాలంటే ఒక ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలి. రేడియోలు, టేపురికార్డర్లు, టీవీలు, స్టెబిలైజర్లు, చివరి రోజుల్లో కంప్యూటర్లు, నా చేతిలోంచి వెళ్లినవాటికి లెక్క లేదు. బాగుచేసినవాటిలో చాలావరకు మరిచిపోయాను. ఆ ల్యాప్‌టాప్‌కి ఉన్న చార్జింగు కన్నం మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది. వేలి కొన కూడా పట్టని కన్నం అది. దాని దయవల్లే నేను భూమి లోపల ఏముంటుందో చూశాను.

పండా మేష్టారి ముక్కు

నేను పని నేర్చుకున్నది టెక్కలిలో, పండా మేష్టారి రేడియో కొట్టులో. ఆయన ఇచ్ఛాపురం వైపు మనిషి. కోపమొస్తే ఒడియాలో తిట్టేవాడు, సంతోషమొస్తే తెలుగులో తిట్టేవాడు. ఏ భాషలోనూ తిట్టలేదంటే ఆ రోజు ఒంట్లో బాగులేదని మాకు తెలిసిపోయేది.

ఏ సామాను వచ్చినా ముందు స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు కాదు, మీటరు తీసేవాడు కాదు. రెండు చేతులతో ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "సూడ్డానికి కళ్లిచ్చినాడు, ఇనడానికి సెవులిచ్చినాడు. మరి ముక్కెందుకిచ్చినాడురా దేవుడు, నశ్యం పీల్సుకోడానికా?" అనేవాడు. ఒకసారి రావివలస నుంచి జాతర మైకు సెట్టు తెచ్చారు. ఆయన వాసన చూసి "సీమలు" అన్నాడు. తెచ్చినవాళ్లు పకపకా నవ్వారు. మూత తీస్తే ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ ఎర్రచీమలు కాపురం పెట్టి, గుడ్లు కూడా పెట్టుకుని ఉన్నాయి. ఆ క్షణంలో ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

ఆయన నేర్పిన రెండో సంగతి తెగిన వైర్ల గురించి. "తెగిన సోట టంకం పెట్టేసి సేతులు దులుపుకోకు. దాన్ని లాగిందెవరు? ఆ బరువు రేపు ఎవరు మోత్తారు? అది సూడు ముందు." టంకం కరెంటుకు దారి ఇస్తుంది, అంతే. దాని చేత బరువు మోయించకూడదని ఆయన లెక్క. కొత్తవాళ్లలో సగం మంది ఇప్పటికీ ఇక్కడే దెబ్బతింటారు. మెరిసేలా టంకం పెడతారు, వారం తిరక్కుండా అదే సామాను మళ్లీ కొట్టుకి వస్తుంది.

ఇంత తెలిసిన మనిషి ఒక్క విషయంలో మాత్రం తప్పు చెప్పాడు. కంప్యూటర్లు వస్తున్నాయట మేష్టారూ అంటే, "అవి పెద్ద ఊళ్లవాళ్ల సామాన్లు, మన ముక్కుకి అందవు" అనేవాడు. అందుతాయని నాకు తెలిసేసరికి చెప్పుకోవడానికి ఆయన లేడు.

బోరుకి కంప్యూటరేటి?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. అప్పటికి పలాసలో కంప్యూటర్లంటే జీడిపప్పు వ్యాపారుల గదుల్లో, కొన్ని ఆఫీసుల్లో, ఇంటర్నెట్టు కొట్లలో ఉండేవి. నా కొట్టుకి ల్యాప్‌టాప్ వచ్చిందంటే పక్క కొట్లవాళ్లు పని మానుకుని చూడ్డానికి వచ్చేవారు.

ఎండాకాలం ఒక ఉదయం కూర్మారావు మోటారుసైకిలు మీద దుమ్ము కొట్టుకుపోయి వచ్చాడు. కొబ్బరితోట, కాస్త జీడిమామిడి ఉన్న రైతు. పూండి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు అతనిది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు నన్నింకా పెళ్లిళ్లకు పిలుస్తున్నారు. వాళ్లింట్లో టీవీ పాడైతే నా దగ్గరకే తెచ్చేవాడు.

"మావా, బేగి ఎక్కు. కంప్యూటరు సచ్చిపోనాది."

"ఏ కంప్యూటర్రా?"

"బోరు కంప్యూటరు."

"బోరుకి కంప్యూటరేటి?"

"అది నాకూ తెలీదు. అది బతక్కపోతే బోరు గొయ్యి కూలిపోతాదంట. ఇంజనీరమ్మ తల పట్టుకుని కూకుంది."

"ఇక్కడికి పట్టుకురావలసింది."

"ఆయమ్మ దాన్ని సెయ్యి దాటనిస్తాదేటి? నువ్వే రావాల, మావా. మా దాలమ్మత్త అన్నం ముట్టడం నేదు."

ఆ చివరి మాటకు నేను సంచి సర్దుకున్నాను. దాలమ్మ అతని మేనత్త. దారి పొడుగునా ఆమె సంగతే చెప్పాడు. వాళ్ల ఊరి నూతులన్నీ ఉప్పగా మారాయి. మంచినీళ్లు కావాలంటే ఆడవాళ్లు ఇసకలో నడిచి, ఊరికి దూరంగా జీడితోటలో ఉన్న నూతికి వెళ్లాలి. దాలమ్మ కోడలు నిండు బిందెతో ఆ ఇసకలో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ రోజు నుంచి దాలమ్మ కనిపించిన ప్రతి అధికారి కాళ్లకూ అడ్డం పడి ఊరికి బోరు సంపాదించింది. రెండుసార్లు వేశారు, రెండుసార్లూ ఉప్పునీళ్లే పడ్డాయి. ఇది మూడోది. ఇది కూడా తప్పితే ఇంకో రిగ్గు ఈ ఊరి ముఖం చూడదని ముందే చెప్పేశారట. మా ఉద్దానం ప్రాంతంలో నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయని జనం భయపడుతున్న రోజులవి.

కొబ్బరితోటల మధ్య నుంచి బండి వెళ్తుంటే ఎండ ముక్కలు ముక్కలుగా ఒంటి మీద పడుతోంది. అంత పచ్చటి తోటల కింద తాగడానికి చుక్క నీరు లేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇసకలో నిలబెట్టిన గొయ్యి

ఊరి చివర రిగ్గు నిలబడి ఉంది. పక్కన మట్టినీళ్ల గుంట, తవ్వుతున్నప్పుడు ఏ లోతులో ఏం వచ్చిందో తెలిసేలా వరసగా పోసిన ఇసక, బంకమట్టి కుప్పలు. కొంచెం ఎడంగా ఒక జీపు. జీపు ముందు బల్ల మీద ఆ ల్యాప్‌టాప్.

అలాంటిదాన్ని నేను అంతకుముందు చూడలేదు. చిన్న సూట్‌కేసులా పైన పిడి ఉంది. మూలలకు రబ్బరు తొడుగులు. మూత ఇనుప రేకులా గట్టిగా ఉంది, చేతిలోకి తీసుకుంటే మాత్రం అనుకున్నంత బరువు లేదు. అన్ని కన్నాలకూ రబ్బరు మూతలున్నాయి.

"ఇది జీపు మీంచి పడింది, వానలో తడిసింది, ఒకసారి ఇసకలో పూడుకుపోతే తవ్వి తీశాం. ఏమీ కాలేదండీ," అంది ఇంజనీరమ్మ. పేరు వసంత. గుంటూరు వైపు మనిషి, భూమి లోపల నీళ్ల జాడ చూడ్డం ఆమె చదువు. "ఇవాళ చార్జరు వైరు తీస్తుంటే, పిన్ను వైరుతో పాటే ఊడి వచ్చేసింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది. వైరు లేకపోతే ఇది ఉత్త రేకు."

ల్యాప్‌టాప్‌కి బోరుతో ఏం పని అని అడిగాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. గొయ్యిలోకి ఒక పొడుగాటి కడ్డీ దించుతారు. అది లోపల ప్రతి పొరలోనూ కరెంటు ఎలా నడుస్తోందో చూస్తుంది, ల్యాప్‌టాప్ దాన్ని గీతగా గీస్తుంది. ఆ గీతను బట్టి మంచినీళ్లు ఏ లోతులో ఉన్నాయో తెలుస్తుంది. చిల్లుల పైపును సరిగ్గా అక్కడే నిలబెట్టాలి. ఒక పొర పైకో కిందికో జరిగితే మళ్లీ ఉప్పునీళ్లే.

అప్పటికే రిగ్గు మేస్త్రి చిరాగ్గా ఉన్నాడు. "ఇది రాయి కాదమ్మా, ఇసక. మట్టినీల్లతో గోడలు నిలబెట్టినాను. ఎంతసేపు నిలుత్తాయో నాకు తెలీదు. పైపులు దించేత్తాను, పైన దేవుడున్నాడు."

"దేవుడు రెండుసార్లు ఉప్పునీళ్లే ఇచ్చాడు కదయ్యా," అంది వసంతగారు.

మేస్త్రి మళ్లీ గొయ్యి వైపు వెళ్లాడు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. అందరూ నా సంచి వైపే చూస్తున్నారు. ఇంతమంది నీళ్లు నా మీద ఆధారపడటం నాకదే మొదటిసారి.

వాసన

ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో ఎత్తి, పండా మేష్టారిని తలుచుకుని, ఆ చార్జింగు కన్నాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

కాలిన ప్లాస్టిక్కు వాసన ఉంటుందనుకున్నాను. ఉంది. దానితో పాటు ఇంకోటి కూడా ఉంది. మూకుట్లో మాడిపోయిన కొబ్బరి వాసన! ఒక్క నిమిషం నా ముక్కును నేనే నమ్మలేదు. ల్యాప్‌టాప్‌ని కూర్మారావుకి ఇచ్చి వాసన చూడమన్నాను. "కొబ్బరే, మావా," అన్నాడు బిత్తరపోయి.

భూతద్దం పెట్టి చూస్తే కన్నం చుట్టూ ఎర్రగా, నల్లగా పెచ్చు కట్టి ఉంది. తలెత్తి అడిగాను. "దీనికి ఎవరైనా పూజ చేశారా?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఒకావిడ ముందుకొచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి, నుదుటి మీద రూపాయంత బొట్టు. ఆమే దాలమ్మ.

"దానికి కాయ కొట్టనేదు తమ్ముడా. రిగ్గు వొచ్చిన రోజు రిగ్గుకి కొట్టినాను, జీపుకి కొట్టినాను. ఇది జీపు ముందల బల్ల మీద ఒక్కతీ కూకుంది. అన్నిటికీ సేసి దీనికి సెయ్యకపోతే ఎలగ? చిప్పలో మిగిలిన నీల్లు కాసిన్ని పోసి బొట్టెట్టినాను."

"బొట్టు ఎక్కడ పెట్టావప్పా?"

"గుండ్రంగా కనబడితే అదే దాని మొకమనుకున్నాను."

సరిగ్గా ఆ చార్జింగు కన్నం మీద! చార్జింగు కోసం వసంతగారు రబ్బరు మూత తీసి ఉంచారు. పడినా, తడిసినా, పూడ్చినా చావని మిషను ఆ చిప్పెడు కొబ్బరినీళ్లకు లోబడిపోయింది. వాననీళ్లయితే ఎండలో ఆరిపోయేవి. కొబ్బరినీళ్లలో ఉప్పూ ఉంది, తీపీ ఉంది. ఆ జిగట కుంకుమతో కలిసి పిన్నుకీ అంచుకీ మధ్య ఎండిపోయింది. చార్జరు పెట్టిన ప్రతిసారీ కరెంటు ఆ అడ్డదారిన కూడా నడిచి, కొంచెం కొంచెంగా కాల్చి, పిన్నును తినేసింది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఊరంతా నవ్వింది. వసంతగారు కోపంగా నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, "మూత తీసి వదిలేసింది నేనే కదా" అని గొణుక్కుంది. దాలమ్మ మాత్రం నవ్వలేదు. నేను చెప్పింది అర్థమయ్యేసరికి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా సేత్తోనే ఊరి నీల్లు ఒలకబోసినానా తమ్ముడా?" అంది. సమాధానం కోసం ఆగకుండా కొబ్బరిచెట్టు కిందికి వెళ్లి, మా అందరికీ వీపు పెట్టి కూర్చుంది. నవ్వు ఆగిపోయింది.

చిప్పల నిప్పులు

ఇప్పుడు పని సంగతి చెబుతాను, నేర్చుకునేవాళ్లు జాగ్రత్తగా వినండి.

మరలు విప్పి లోపల చూసినప్పుడు నాకు ఆ మిషను చేసినవాళ్ల మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. టిఫిను క్యారేజీ మూతకు ఉన్నట్టు అంచు చుట్టూ రబ్బరు పట్టీ ఉంది. ఇసకలో పూడ్చిపెట్టిన వస్తువు లోపల ఒక్క ఇసక రేణువు లేదు. కొబ్బరినీళ్లు కూడా ఆ కన్నం దాటి లోపలికి రాలేదు. ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని, ఏ ఎండలో ఏ ఇసకలో ఇది పడుతుందోనని ఎవరో ఆలోచించి పెట్టిన పట్టీ అది. కొబ్బరికాయ సంగతి మాత్రం పాపం వాళ్లకు తట్టలేదు.

కన్నం ఉన్న ముక్క పనికిరాదు. నల్లగా కాలిన ప్లాస్టిక్కులోంచి కరెంటు నడుస్తుంది, గీకినా మసి లోపల మిగిలిపోతుంది. కొత్త ముక్క పలాసలో కాదు, విశాఖపట్నంలో కూడా దొరకదు. అందుకని దాన్ని పూర్తిగా పీకేసి, ఆ దారిలోంచే రెండు వైర్లు బయటికి తోకలా తెచ్చి, చార్జరు వైరుకు కలపాలనుకున్నాను. అందంగా ఉండదు. బతికుంటే చాలు.

చార్జరు మీద అచ్చు ఎప్పుడో చెరిగిపోయింది. లోపలి తీగ ప్లస్సో, బయటి తీగ ప్లస్సో రాసి లేదు. తిరగేసి కలిపితే లోపల బోర్డు మొత్తం పోతుంది, దానితో ఊరి నీళ్లు కూడా. మీటరు పెట్టి చూశాను. మళ్లీ చూశాను. పీకిన ముక్క కాళ్లు ఏది ఎటు వెళ్తోందో బోర్డు మీద వేలు పెట్టి పోల్చుకున్నాను.

"ఖాయమేనా?" అంది వసంతగారు.

"మీటరు ఖాయమంటోందమ్మా. నా గుండె ఇంకా అనడం లేదు," అన్నాను.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఊళ్లో కరెంటు పోయి ఉంది. జీపులో ఉన్న చిన్న ఇన్వర్టరు నా సోల్డరింగ్ ఐరన్ పెట్టగానే కీచుమని ఆగిపోయింది. రిగ్గు దగ్గర మేస్త్రి గొయ్యిలోకి తొంగి చూసి, "కొద్దికొద్దిగా రాల్తంది, బేగి కానీయండి" అని కేకేశాడు.

నా సంచి అడుగున పండా మేష్టారిచ్చిన పాత రాగి ఐరన్ ఉంది. కరెంటు లేని రోజుల్లో నిప్పుల్లో కాల్చి టంకం పెట్టే రకం. నిప్పులు కావాలి. ఎవరో జీడిపిక్కల తొక్కలు తేబోయారు. ఆ పొగకి కళ్లు పోతాయి, వద్దన్నాను. కొబ్బరిచెట్టు వైపు తిరిగి గట్టిగా పిలిచాను.

"అప్పా! కొబ్బరి చిప్పల నిప్పులు కావాలి. పొగ ఉండకూడదు, బూడిద ఉండకూడదు. నీవల్ల అవుతుందా?"

ఆమె వీపు కదిలింది. "నావల్ల అవకపోతే ఎవుల వల్ల అవుతాదిరా!" అంటూ లేచింది. అంతసేపూ కూర్చున్న మనిషి పమిట దోపుకుని, పక్కింట్లోంచి కుంపటి లాక్కొచ్చి, చిప్పలు పగలగొట్టి పేర్చి, విసనకర్రతో విసిరి, ఎర్రటి నిప్పులు తయారుచేసింది. నేను రాగి మొన అందులో పెట్టాను. ఆమె కన్నార్పకుండా చూస్తూ, "ఎక్కువ కాలితే సెడిపోద్దా?" అని అడిగింది. చెడిపోతుందన్నాను. "అయితే తియ్యి," అంది. సరైన అదనులోనే చెప్పింది.

టంకం కరిగి నీళ్లలా పారింది. ఒక తీగ పట్టుకుంది, రెండోది పట్టుకుంది. తర్వాత మేష్టారి రెండో మాట. ఈ తోకను రేపు ఎవరో ఒకరు లాగుతారు, ఎవరి కాలో తగులుతుంది, ఆ బరువు టంకం మోయకూడదు. వలలు అల్లే నైలాన్ దారం అడిగాను. ఆ ఊళ్లో దానికేం కొదవ? వైరును ల్యాప్‌టాప్ పిడికి ముడేసి బిగించాను. లాగితే పిడి లాగాలి, లోపల ఏదీ కదలకూడదు. ఇళ్ల వైరింగులో వాడే మరల కనెక్టరుతో తోకనూ చార్జరునూ కలిపాను.

"పెట్టండమ్మా," అన్నాను.

వసంతగారు స్విచ్చి వేసింది. మూల మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. ఊరంతా ఒకేసారి ఊపిరి వదిలింది. పక్కనే ఉన్న దాలమ్మ అలవాటుగా రెండు చేతులూ జోడించబోయి, టక్కున దించేసి, కొంగులో దాచేసుకుంది.

గీత

కడ్డీని గొయ్యి అడుగుదాకా దించి, మెల్లగా పైకి లాగడం మొదలుపెట్టారు. తెర మీద గీత అడుగు నుంచి పైకి పాకుతోంది. నేను వెళ్లిపోవచ్చు, నా పని అయిపోయింది. కాళ్లు కదల్లేదు.

"ఉప్పునీళ్లలోంచి కరెంటు తేలిగ్గా పోతుంది. మంచినీళ్లు అంత తేలిగ్గా పోనివ్వవు," అంది వసంతగారు తెర మీద కళ్లు తిప్పకుండా. "గీత ఎడమ అంచునే ఉంటే ఉప్పు. కుడికి జరిగితే మనకు పండగ."

బతుకంతా కరెంటు సాఫీగా వెళ్లాలనే తాపత్రయపడ్డాను. ఎక్కడ ఆగితే అక్కడ బాగుచేశాను. అలాంటివాణ్ణి మొదటిసారి ఆగాలి, ఆగాలి అని దండాలు పెట్టుకుంటున్నాను. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. పొద్దున ఆ చిన్న కన్నంలో మిషన్ని చంపింది ఏది? కొబ్బరినీళ్లలోని ఉప్పు కరెంటుకు దారి ఇవ్వడమే. ఇప్పుడు ఈ పెద్ద గొయ్యిలో మాకు నీళ్ల జాడ చెబుతున్నదీ అదే. వేలి కొన పట్టని కన్నంలోనూ, తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా అందని గోతిలోనూ ఒకటే ధర్మం నడుస్తోంది.

గీత ఎడమ అంచునే ఉంది. ఉప్పు. ఇంకా ఎడమే. అప్పుడు, ఎవరో చెయ్యి పట్టి నడిపించినట్టు, గీత కుడివైపు జరగడం మొదలుపెట్టింది. జరిగింది, ఇంకా జరిగింది, అక్కడే నిలబడి కాసేపు పైకి పాకింది. మళ్లీ మెల్లగా ఎడమకు వచ్చేసింది. ఆపైన చివరిదాకా ఎడమే.

వసంతగారు లేచి మేస్త్రి పోసిన కుప్పల దగ్గరికి వెళ్లింది. లోతులు పోల్చి చూసి, ఒక ఇసక కుప్ప ముందు నిలబడింది. "ఇది. దీని పైన బంకమట్టి కప్పులా ఉంది. పైనున్న ఉప్పు దీనిలోకి దిగకుండా అదే కాపాడుతోంది. పైపు చిల్లులు సరిగ్గా ఇక్కడ ఉండాలి. పైన బంకమట్టి దగ్గర గట్టిగా మూసేయండి."

మేస్త్రి ఇంకో కుప్ప వైపు చూశాడు. ముతగ్గా, తళతళలాడే ఇసక అది. "ఓర్నాయనో, నాను అక్కడ దించేవోణ్ణి. సూడ్డానికి అదే బాగుంది," అన్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగలేదు, పైపులు దించడం మొదలుపెట్టాడు.

నేను సముద్రం వైపు చూశాను. అంత దగ్గర్లో అంత ఉప్పు ఘోష పెడుతోంది. ఈ అడుగున, కప్పు కింద, ఎవరి కాలంలో కురిసిన వానో ఇంకా మంచినీళ్లుగానే ఉంది. పైన బిందెలు మోసినవాళ్లకు తెలియదు, కాలు విరిగిన కోడలికి తెలియదు. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

బొట్టు ఎక్కడ పెట్టాలి

ఆ తర్వాత నా కొట్టులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. దసరాకి ముందు బాగుకి వచ్చిన ప్రతి కంప్యూటరుకీ మూత మీద నేనే ఒక చిన్న బొట్టు పెట్టి, "నేను పెట్టేశాను, ఇంకెక్కడా పెట్టకండి" అని చెప్పి పంపేవాణ్ణి. కొందరు చదువుకున్న కుర్రాళ్లు నన్ను చూసి నవ్వేవారు. నవ్వుకోనీ. పూజ చేసే చేతిని తిట్టి ఆపలేం. ఆ చెయ్యి మన మిషనుకు మంచి జరగాలనే వస్తోంది, ఎక్కడ పెట్టాలో చూపిస్తే చాలు. ఈ పనిలో మనుషుల్ని విసుక్కునేవాడు టంకం ఎంత బాగా పెట్టినా నా దృష్టిలో సగం మెకానిక్కే.

ఇక మిగిలింది నీళ్ల సంగతి.

పైపులు దించాక గొయ్యి కడిగారు, రోజుల తరబడి బురదనీళ్లు తోడి పోశారు. నీళ్లు తేరుకున్న రోజు కూర్మారావు మళ్లీ బండేసుకుని వచ్చాడు. "అత్త రమ్మంది. రాకపోతే తానే వొచ్చి లాక్కెల్తానంది," అన్నాడు.

వెళ్లేసరికి పంపు చుట్టూ ఊరంతా ఉంది. వసంతగారు కూడా వచ్చారు. జీపు బానెట్టు మీద ల్యాప్‌టాప్, వలదారంతో కట్టిన తోకతో సహా, రాజాలా కూర్చుంది. నేను దాని పక్కన నిలబడి నా ముడి వదులైందేమో చూసుకుంటున్నాను. కొత్త నీళ్లు పడితే ముందు అమ్మవారికి ఒక బిందె పోసి, తర్వాత తవ్వినవాడికి తాగించడం ఆ ఊరి పద్ధతట. అమ్మవారి బిందె వెళ్లింది. దాలమ్మ ఇత్తడి చెంబు నింపింది. మేస్త్రి చేతులు కడుక్కుని సిద్ధంగా నిలబడ్డాడు. ఆమె అతన్ని దాటేసింది. నిండు చెంబుతో నేరుగా ల్యాప్‌టాప్ వైపు నడిచి వస్తోంది.

అందరం ఒక్కసారే అరిచాం. వసంతగారు ఒక్క గెంతులో ల్యాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని జీపు ఎక్కేసింది.

దాలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఎర్రిమొకాల్లారా! ఒకపాలి సేసినానని మల్లీ సేత్తానేటి? ఇది దానికి కాదు. దానికి పేణం పోసినోడికి."

చెంబు నా చేతిలో పెట్టింది. బయట తడిగా, చల్లగా ఉంది.

"నువ్వు తాగావా, అప్పా?"

"నేదు." ఆమె గొంతు తగ్గిపోయింది. "ఎవులూ తాగనేదు. నాకు బయంగుంది తమ్ముడా. రెండుపాల్లు తాగి ఊసినాను. నువ్వు సెప్పు ముందు."

చెంబు ఎత్తి పోసుకున్నాను. నాలుక ఉప్పు కోసం వెతికింది. దొరకలేదు. నీళ్లు గొంతు దిగి గుండెల దాకా చల్లగా వెళ్లాయి. చెబుదామని నోరు తెరిస్తే మాట రాలేదు.

"ఏటి? ఉప్పా?" ఆమె మొహం వాడిపోయింది.

కాదని తల ఊపాను. ఒక్క చుక్క మిగలకుండా తాగేసి, ఖాళీ చెంబు మళ్లీ చాపాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. చెంబు లాక్కుని, "సాలు నీకు, ఇప్పుడు నాను తాగాల," అంటూ పంపు వైపు పరుగెత్తింది. బిందె లేకుండా దాలమ్మ ఇసకలో పరుగెత్తడం ఊళ్లో ఎవరూ అంతవరకు చూడలేదట.